పాలు లేవండి

కోనసీమకు కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను ముందుగా అడిగే మాట, ఇక్కడ సంసారానికి నెలకు ఎంతవుతుందని. అడగడంలో తప్పేమీ లేదు. నేనూ ఒకప్పుడు అలా వచ్చినదాన్నే. బియ్యం ధర చెబుతాను, ఉప్పు ధర చెబుతాను, చింతపండు ధర చెప్పి కొంచెం భయపెడతాను. వాళ్ళు వేళ్ళు మడిచి లెక్క వేసుకుని, పరవాలేదు సర్దుకోవచ్చు అనుకుంటూ వెళ్ళిపోతారు. వాళ్ళకు చెప్పనిది కొంత ఉంది. ధర అడిగినవాళ్ళకు అది జవాబు కాదు కాబట్టి చెప్పను. ఇక్కడ రాస్తున్నాను.

మేము కడప వైపు వాళ్ళం. గోదావరికి ఆనకట్ట కట్టడం అయ్యాక, ఆ నీళ్ళను పొలాలకు తీసుకుపోవడానికి ఊరూరా కాలువలు తవ్వుతున్న రోజుల్లో, మా ఆయనకు కాలువల కచేరీలో రాయసం దొరికింది. దొరలు చెప్పిన కొలతలు, కూలీల హాజరు కాగితం మీదికి ఎక్కించడం ఆ ఉద్యోగం. నెలకు పన్నెండు రూపాయలు, అదీ నగదుగా. మా వైపు వరసగా వానలు లేక, జొన్నలు కూడా కొనుక్కుతినే స్థితిలో ఉన్నాం కనుక, పన్నెండు రూపాయలంటే నాకు కొండంతగా కనిపించింది. చంటిపిల్లను ఒళ్ళో పెట్టుకుని బండి ఎక్కాను, పడవ ఎక్కాను, మళ్ళీ బండి ఎక్కాను. కొత్తపేటకు అవతల, పలివెల పోయే దారిలో, కొత్త కాలువ గట్టు మీద కచేరీవాళ్ళ కోసం తాటాకుతో నేసిన పాకల్లో ఒకటి మాకిచ్చారు. అద్దె లేదు. అద్దె లేదన్న మాట విని మా ఆయన పొంగిపోయారు. గట్టు నుంచి ఊళ్ళోకి నడిచి వెళ్ళాలనీ, ఆ నడక మధ్య మాకు ఇరుగూ పొరుగూ ఎవరూ ఉండరనీ నాకు మరునాడు తెలిసింది.

మా ఆయన గురించి ఒక ముక్క చెప్పాలి. నీలిమందు బేరాల మధ్య పెరిగిన మనిషి. వాళ్ళ నాన్నగారు సంతలో దళారీ. దేనికైనా ధర అడగందే ఆయనకు తోచదు. కొనబోయే వస్తువు తనకు ఎంత అవసరమో అమ్మేవాడికి తెలియనివ్వకూడదన్నది వాళ్ళింట్లో అందరూ చిన్నప్పుడే నేర్చుకునే విద్య. ఆకలితో కడుపు కాలిపోతున్నా, పెద్దగా అక్కర్లేదన్నట్టు మొహం పెట్టి, పక్క దుకాణం వైపు చూస్తూ ఈ దుకాణంలో బేరమాడతారు. మా వైపు ఈ విద్యకు మంచి పేరుండేది.

ఇక్కడ మొదట్లో అది బాగానే సాగింది. బియ్యం చవక. కుంచం నిండాక కూడా ఆపకుండా, పైన గోపురంలా నిలిచేదాకా పోసి, దాన్నే ఒక కుంచం అనేవారు. మా వైపు కర్రతో గీసి చదును చేస్తారు. మొదటిసారి అలా పోస్తుంటే మా ఆయన, కొలిచే ఆవిడకు లెక్క తప్పిందేమో, ఆ తప్పు ఆవిడకు తెలియకముందే ఇంటికి పోదామని నన్ను తొందరపెట్టారు. పెసలు, మినుములు కూడా చవకే. కందులు ప్రియం. చింతపండూ మిరపకాయలూ మెట్ట నుంచి పడవల మీద రావాలి కనుక ఆ ధర వింటే కళ్ళు తిరిగేవి. నేను ఊరి నుంచి ఒక కుండెడు చింతపండు తెచ్చుకున్నాను గనుక బతికాం. ఉప్పు సంగతి విచిత్రం. సముద్రం ఎంతో దూరం లేదు. ఉప్పు పండేది ఆ తీరంలోనే. అయినా అమ్మే హక్కు కుంఫిణీది కాబట్టి చిటికెడు ఉప్పు కూడా చూసుకుని వేసుకోవలసి వచ్చేది.

ఇవన్నీ ధర ఉన్న వస్తువులు. ధర లేనివి ఇంకా ఎక్కువ ఉన్నాయని మెల్లగా తెలిసింది. అరిటాకు ఎంత అని మా ఆయన ఒక తోటవారిని అడిగితే ఆయన తెల్లబోయి చూసి, "ఆకుకి డబ్బేవిటండీ, కోసుకెళ్ళండి" అన్నారట. కందగడ్డ అంతే, కరివేపాకు అంతే, పొయ్యిలోకి కొబ్బరిమట్టలు అంతే. మజ్జిగ ఎంత అని అడిగితే నవ్వారు. ఇవన్నీ ఊరికే వచ్చేటప్పటికి మా ఆయన, ఇక్కడివాళ్ళకు వ్యాపారం తెలియదని తేల్చేశారు. ఆ మాట అనేటప్పుడు ఆయన మొహంలో కొంచెం జాలి కూడా ఉండేది.

డబ్బు చేతిలో ఉండి కూడా దొరకనివి మరికొన్ని. క్షౌరం చేసే మనిషి ఒకసారి గట్టు మీదుగా పోతుంటే పిలిచారు. అతను కత్తుల పొది విప్పబోయి, "డబ్బులు వద్దండీ, కళ్ళంలో కొలుద్దురు గానీ" అన్నాడు. ఇక్కడ చాకలికీ క్షురకుడికీ ఏడాదికోసారి, పంట నూర్చే కళ్ళంలోనే ధాన్యం కొలిచి ఇచ్చేస్తారు. పూట పూటకూ ఇచ్చే అలవాటు లేదు. మా ఆయన మాకు పొలం లేదు, జీతం ఉంది, ఇదిగో అణా అన్నారు. అతను నిజంగా ఇబ్బంది పడ్డాడు. "కళ్ళం లేదాండీ? మరెలాగండీ?" అని పొది మళ్ళీ కట్టేసుకున్నాడు. ఆ తరువాత చాలా రోజులు మా ఆయన గడ్డం పెంచుకుని, ఏ కాశీకో బయలుదేరినవాడిలా కచేరీకి వెళ్ళేవారు. నాకు నవ్వొచ్చేది. వానాకాలం వచ్చేదాకా ఇవన్నీ నవ్వుకునే సంగతులే.

వానలతో నాకు చలిజ్వరం పట్టుకుంది. కొత్తగా వచ్చినవాళ్ళను ఆ గాలి వదలదని కచేరీలో అన్నారట. రోజు విడిచి రోజు వచ్చేది. వచ్చిన పూట దుప్పట్లన్నీ కప్పినా ఒణుకు ఆగేది కాదు. నెల తిరిగేసరికి నాకు పాలు ఎండిపోయాయి. పిల్లకు ఇంకా పళ్ళు రాలేదు. జావ కాచి ఉగ్గుగిన్నెతో పోస్తే సగం కక్కేసేది, మిగతా సగం అరగక విరేచనమైపోయేది. కూలీల గుడిసెల్లో పాడి లేదు. ఏటి అవతల నుంచి గొల్లలు తెచ్చే పాలు మా దాకా వచ్చేసరికి విరిగిపోయేవి. పిల్ల ఏడుపు సన్నబడింది. అప్పుడు నాకు భయం వేసింది. గట్టిగా ఏడ్చినన్నాళ్ళు నేను భయపడలేదు.

మా ఆయన చెంబు పట్టుకుని ఊళ్ళోని అగ్రహారానికి వెళ్ళారు. ప్రతి పెరట్లోనూ ఆవు ఉంది, దూడ ఉంది. ఖాళీ చెంబుతో తిరిగి వచ్చారు.

"లేవన్నారు" అన్నారు.

"ఎవరన్నారు?"

"యాడికి పోయినా అదే మాట. పాలు లేవండీ, పాలు లేవండీ. ఆవు నా కళ్ళ ముందరే అరస్తా ఉంటే లేవంటారే! ధర పెంచుకునే దానికే అదంతా."

మర్నాడు ధర పెంచి అడిగారు. ఆ మర్నాడు వెండి రూపాయి చేత్తో పట్టుకుని, కనబడేలా తిప్పుతూ అడిగారట. ఒక రూపాయికి ఆ రోజుల్లో ఎంత బియ్యం వచ్చేదో తెలిసినవాళ్ళకు ఇది ఎంత పిచ్చిపనో తెలుస్తుంది. అయినా అదే జవాబు, ఇంకాస్త ముభావంగా. ఒక ఇంట్లో అయితే తలుపు వేసేశారట. కాలువ కోసం వాళ్ళ నేలలు పోతున్నాయి కాబట్టి కచేరీవాళ్ళంటే కోపమని, పిల్లను మాడ్చి పగ తీర్చుకుంటున్నారని ఆయన అన్నారు. నేనూ నమ్మాను. ఆ ఊరివాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టాను కూడా. పడుకున్న చోటి నుంచి తిట్టాను కాబట్టి ఎవరికీ వినపడలేదు.

జ్వరం రాని రోజు చూసుకుని లేచాను. మా ఆయన కచేరీలో ఉన్నారు. పిల్లను భుజాన వేసుకుని, బురదలో ఆగి ఆగి నడిచి ఊళ్ళోకి వెళ్ళాను. వీధి మొదట్లో ఉన్న ఇంటి అరుగు మీద ఒక పెద్దావిడ తడిబట్టతో కూర్చుని దర్భలు ఏరుతున్నారు. ఆవిడ భర్త సోమయాగం చేసిన పండితుడు. అందుకని ఊరందరికీ ఆవిడ సోమిదేవమ్మ గారు. ఇవన్నీ తరువాత తెలిశాయి. అప్పటికి నాకు కాళ్ళు ఆడక ఆగిన చోటు అది, అంతే.

"ఎవరమ్మా, ఏం కావాలి?" అన్నారావిడ.

ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడు గట్టిగా నాలుగు మాటలు అడగాలనుకున్నాను. నోట్లోంచి వచ్చింది వేరు.

"పిల్లకు పాలు లేవండీ" అన్నాను.

ఆవిడ దర్భలు పక్కన పెట్టి, ఇంకేమీ అడక్కుండా లోపలికి వెళ్ళారు. గోరువెచ్చని పాలతో వచ్చి, నన్ను ముట్టుకోకుండా, నా దగ్గరున్న ఉగ్గుగిన్నెలోకి పైనుంచి పోశారు. పిల్ల తాగింది. మళ్ళీ పోశారు. మూడోసారి పోయబోయి, "ఇంక చాలు, ఒక్కసారే ఎక్కువైతే పడదు" అని ఆపారు. అప్పుడు తీరిగ్గా మందలింపు మొదలుపెట్టారు.

"కాలవ గట్టు మీద ఉండేది మీరేనా? మొన్న రూపాయి పట్టుకొచ్చింది మీ ఆయనేనా?"

అవునన్నాను.

"పాలు అమ్ముతారా అని అడిగేరు. లేవన్నాను. మా ఇళ్ళల్లో పాలమ్ముకోవడం ఎక్కడిదమ్మా? ఇంట్లో పసిపిల్ల ఉందని ఒక్క ముక్క అన్లేదు ఆయన. ఏ దొర కోసమో కొంటున్నారనుకున్నాం."

"మరి ఆవులున్నాయి కదండీ" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"అమ్మడానికి లేవన్నానమ్మా. తాగడానికి లేవన్లేదు."

నాకు ఆ అరుగు దగ్గరే దుఃఖమూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. దుఃఖం పిల్లను చూసి. కోపం మా ఆయన మీద. అన్ని ఇళ్ళ గడపల దగ్గరా నిలబడి, అక్కర లేనివాడిలా మొహం పెట్టి, బిడ్డ మాట దాచి బేరమాడారు. దాచింది పిల్ల మీద ప్రేమ లేక కాదు. చెబితే ధర పెరుగుతుందని. ఆ సాయంత్రం ఆయనకు నేను పెట్టిన చివాట్లు రాయను. ఆయన మాత్రం "చెప్పి ఉంటే ఊరకే ఇచ్చేవాళ్ళా?" అని రెండుసార్లు అడిగారు.

మర్నాటి నుంచి సోమిదేవమ్మ గారే ఉదయం హోమానికి పాలు తీశాక, మిగిలిన వాటిలోంచి ఒక చెంబుతో గట్టు మీదికి వచ్చేవారు. వాళ్ళ పెరటి వెనక కొబ్బరితోట ఉండేది. దాంట్లోంచి అడ్డదారిన వస్తే మా పాక దగ్గరే తేలతారు. పాకలోకి వచ్చేవారు కాదు. మెట్టు దగ్గర నిలబడి మా గిన్నెలోకి పోసి, పిల్ల మొహం ఒకసారి చూసి వెళ్ళేవారు. ఒకరోజు చెంబు నా దగ్గరే వదిలి వెళితే, ఖాళీగా పంపకూడదు కదా అని కడిగి అందులో గుప్పెడు చింతపండు పెట్టాను. ఆవిడ వాసన చూసి సంబరపడ్డారు. అది చూసి మా ఆయన, ఇన్ని పాలకు ఇంత చింతపండు అయితే ఎవరికి లాభమని లోపల లెక్క మొదలుపెట్టారు. నేను చూసిన చూపుకు ఆపేశారు.

అప్పటి నుంచి మాకు జరుగుబాటు మారిపోయింది. చాకలి వచ్చింది. క్షౌరం మనిషి తనంతట తనే వచ్చి మా ఆయన గడ్డం తీశాడు. కూలి ఎంత అంటే, "సోమిదేవమ్మగారి కళ్ళంలో మీ వంతు కూడా కొలుస్తారటండి, ఆయ్" అన్నాడు. డబ్బుతో దొరకనివి ఒకరి మనుషులమయ్యేసరికి దొరికాయి. పిల్లకు బుగ్గలు వచ్చాయి. కానీ ఇంకా ఆ పాల మీదే బతుకుతోంది. నా జ్వరం పోలేదు, నా పాలు తిరిగి రాలేదు.

వానలు వెనకబట్టాక కాలువ పని మళ్ళీ అందుకున్నారు. పెద్ద కాలువ నుంచి పొలాలకు ఒక పిల్లకాలువ తీయాలని దొర గీత గీశాడు. గీత వెంబడి కర్రలు పాతుకుంటూ వచ్చారు. ఆ కర్రలు సోమిదేవమ్మ గారి కొబ్బరితోట నడిమధ్యగా పోయాయి.

ఆవిడ ఆ ఉదయం పాలు పోశాక వెంటనే వెళ్ళలేదు. మా ఆయన్ను పిలిచారు. బేరం పెట్టడానికి ముందు మనుషులు పెట్టే మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆవిడ మొహం అలా లేదు. పిల్లకు పాలు లేవండీ అని నేను అన్నానే, అలాగే అన్నారు.

"నాయనా, కర్రలు మా తోటలో పాతేరు. ఆ చెట్లు మా అత్తగారు వేసినవి. కాస్త పక్కకి జరపమని మీ దొరనడుగుతారా?"

"అడుగుతానండీ" అన్నారు మా ఆయన.

నిజంగానే అడిగారు. నా మీద ఒట్టు పెట్టించుకున్నాను కాబట్టి నాకు తెలుసు. ఈసారి ఏమీ దాచలేదట. మా బిడ్డ ఆ ఇంటి పాలతో బతుకుతోందని కూడా చెప్పారట. దొర శ్రద్ధగా విన్నాడు. నీళ్ళు పల్లానికి పోవాలి, పల్లం అక్కడే ఉంది అన్నాడు. చెట్లకు ధర కట్టి ఇమ్మన్నాడు. ఆ ధరలు కాగితం మీద రాసే పని మా ఆయనదే. కాసే చెట్టుకు ఇంత, ముదురు చెట్టుకు ఇంత, మొక్కకు ఇంత అని ఒక్కొక్కదాని దగ్గరా నిలబడి రాసుకున్నారు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచి ధరలు అడిగిన మనిషి, ఆ ఒక్క రోజు ధర చెప్పడానికి నోరు రాక ఇంటికి వచ్చి అన్నం తినలేదు.

డబ్బు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు సోమయాజి గారు లోపల పాఠం చెబుతున్నారు. ఆవిడే గుమ్మంలోకి వచ్చారట.

"చెట్టుకి ఎంత కట్టేరు నాయనా?" అన్నారట.

ఈయన చెప్పారు.

"ఆయ్" అన్నారట ఆవిడ. కొంగు చాచి రూపాయలు పట్టుకుని లోపలికి వెళ్ళారట.

గొడ్డళ్ళ చప్పుడు ఆ రోజంతా వినబడింది. కొబ్బరిచెట్టు పడేటప్పుడు నేల అదురుతుంది. పాకలో పిల్ల ఉలిక్కిపడి లేచేది. మా ఆయన కచేరీ నుంచి తొందరగా వచ్చేసి, గోడకు చేరగిలబడి, "రేపటి నుంచి పాలు రావు. మేకనైనా చూడల్ల" అన్నారు. నేను కాదనలేదు. ఎవరైనా ఎందుకు ఇస్తారు? నేనైతే ఇవ్వను. నిజం చెప్పాలంటే ఇవ్వకపోవడమే కాదు, గట్టు మీదికి వచ్చి వీళ్ళ పిల్ల ఎలా మాడుతోందో చూద్దామనుకునేదాన్ని. అప్పటికి నా బుద్ధి అంతే. పిల్లను పొదువుకుని, జావ ఎంత పలచగా కాచాలా అని ఆలోచిస్తూ పడుకున్నాను.

తెల్లవారింది. సోమిదేవమ్మ గారు వచ్చే వేళ అయింది. ఆ వేళ దాటింది. పిల్ల లేచి మామూలుగా గిన్నె వైపు చూసి, కొంచెంసేపు ఓపిక పట్టి, ఏడుపు అందుకుంది. ఎండ మెట్టు మీదికి వచ్చింది. మా ఆయన నా వైపు చూడకుండా, "చెప్పినా గదా" అన్నారు. నేను పొయ్యి ముట్టించి జావకు ఎసరు పెట్టాను. మేకకు ఎంతవుతుందో కనుక్కొస్తానని ఆయన చెప్పులు వేసుకున్నారు.

అప్పుడు ఊళ్ళోకి పోయే బురదదారి మీద ఆవిడ కనిపించారు. తోట వైపు నుంచి కాదు, ఊరి దారిన చుట్టూ తిరిగి వస్తున్నారు. చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాయి. ఒక చేత్తో చెంబు మూత అదిమిపట్టుకుని, రొప్పుతూ మెట్టు దగ్గరికి వచ్చారు. మా ఆయన చెప్పులు వదిలేసి పాక వెనక్కి వెళ్ళిపోయారు.

"ఆలస్యమైపోయిందమ్మా. చెట్లు దారికడ్డంగా పడున్నాయి, చుట్టూ తిరిగొచ్చేను" అన్నారావిడ. "పిల్ల ఏడ్చిందా?"

"లేదండీ, ఇప్పుడే లేచింది" అని అబద్ధమాడి గిన్నె పట్టాను. ఆవిడ పోశారు. రోజూ పోసినన్నే పోశారు.